బైక్ మీద అమెరికా అంతర్యుద్ధ రణస్థలాలు: మనాసస్ నుంచి గెటిస్‌బర్గ్ దాకా నాలుగు రోజుల మార్గదర్శి

రణస్థలాలు కార్లో చూడటం సుఖమే. ఆపిన చోటల్లా బోర్డు చదవడం, ఫొటో తీసుకోవడం, మళ్లీ ఏసీలో కూర్చోవడం. గెటిస్‌బర్గ్ రెండు గంటల్లో అయిపోతుంది. ఇంటికొచ్చాక ఏం చూశారని ఎవరైనా అడిగితే గుర్తొచ్చేవి ఫిరంగులు, విగ్రహాలు, ఇంకొన్ని ఫిరంగులు.

బండి మీద వెళ్తే అలా ఉండదు. 1861 నుంచి 1865 దాకా, బానిసత్వం విషయంలో చీలిపోయిన ఉత్తరాది, దక్షిణాది సైన్యాలు చాలాచోట్ల కొట్టుకున్నది ఒక రోడ్డు కోసమో, ఒక గట్టు కోసమో, ఒక వంతెన కోసమో. కారు అద్దంలోంచి చదునుగా కనిపించే పొలంలో ఎత్తుపల్లాలు ఎన్ని ఉన్నాయో బైక్ మీద ఒంటికి తెలుస్తాయి. మీరు గేరు తగ్గించాల్సి వచ్చిన చోట, తుపాకీ మోసుకుంటూ నడిచొచ్చిన సైనికుడికి ఆయాసం వచ్చి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో రణస్థలాల మధ్య రోడ్లకు కూడా రణస్థలాలంత ప్రాధాన్యం ఇస్తున్నాను.

దారి ఏది?

అమెరికా అంతా రణస్థలాలే. టెనెసీలో షైలో, మిసిసిపీలో విక్స్‌బర్గ్, జార్జియాలో చికమాగా ఉన్నాయి. మొదటిసారికి అవన్నీ పెట్టుకోవద్దు. ఉత్తర వర్జీనియా నుంచి బయల్దేరి తిరిగి అక్కడికే చేరే ఒక చుట్టు చాలు: మనాసస్, హార్పర్స్ ఫెర్రీ, యాంటీటమ్, గెటిస్‌బర్గ్. పార్కుల్లో తిరిగేదంతా కలిపినా సుమారు 250 మైళ్లు. రోజుకు 60, 70 మైళ్లే కదా అని రెండు రోజుల్లో కుదించకండి. ఇక్కడ నడిపే సమయం కన్నా ఆగే సమయమే ఎక్కువ. యాష్‌బర్న్, హెర్న్‌డన్, చాంటిలీ వైపు మనవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి బయల్దేరడానికి ఏ బంధువుల ఇల్లో దొరక్కపోదు.

గురువారం బయల్దేరి ఆదివారం తిరిగొచ్చేలా పెట్టుకోండి. ఏప్రిల్ చివర, మే, అక్టోబర్ మంచి కాలం. జులై 1–3 గెటిస్‌బర్గ్ యుద్ధం జరిగిన తేదీలు కాబట్టి అప్పుడు హోటల్ గది దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

కాగితాలు, బండి

అమెరికాలో ఉంటున్నవాళ్లకు కారు లైసెన్స్ ఒక్కటే సరిపోదు, దాని మీద మోటార్‌సైకిల్ అనుమతి విడిగా ఉండాలి. ఇండియాలో పదేళ్లు బుల్లెట్ నడిపినా సరే, ఇక్కడ బేసిక్ రైడర్ కోర్సు చేయండి. మనకు అలవాటైన బండే అయినా రోడ్డుకు కుడివైపు నడపడం, ముఖ్యంగా ఎడమకు తిరిగేటప్పుడు ఏ వరసలోకి వెళ్లాలన్నది, ఒంటికి పట్టడానికి సమయం కావాలి. ఖాళీ రోడ్డు మీద ఈ పొరపాటు ఇంకా సులభంగా జరుగుతుంది. ఎదురుగా బండ్లు లేకపోతే చెయ్యి తనంతట తానే పాత అలవాటు వైపు పోతుంది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చి బండి అద్దెకు తీసుకునేవాళ్లు బయల్దేరే ముందే రవాణా శాఖ నుంచి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాది చెల్లుతుంది. మీ లైసెన్స్‌లో గేర్లున్న మోటార్‌సైకిల్ కేటగిరీ ఉందో లేదో చూసుకోండి. కారుకి మాత్రమే లైసెన్స్ ఉంటే పర్మిట్ కూడా కారుకే వస్తుంది. అద్దె సంస్థ వయసు ఎంత అడుగుతుందో, బీమాలో ఏమేం వస్తాయో బుక్ చేసేటప్పుడే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఈ చుట్టుకి ఏ బండైనా పనికొస్తుంది. పార్కు రోడ్ల మీద మనిషి పరుగెత్తే వేగంతో, ఆగుతూ ఆగుతూ వెళ్లాలి కాబట్టి మరీ బరువైన టూరింగ్ బండి కన్నా మధ్యరకం బండే హాయి.

వర్జీనియా, మేరీల్యాండ్, వెస్ట్ వర్జీనియాల్లో నడిపేవాళ్లకూ వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి. పెన్సిల్వేనియాలో 21 ఏళ్లు నిండి, రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. దాన్ని వాడుకోకపోవడమే మేలు. ట్రాఫిక్ ఆగినప్పుడు కార్ల మధ్యలోంచి దూరిపోవడం మన ఊళ్లలో పుట్టుకతో వచ్చిన విద్య, ఇక్కడ మాత్రం చలానా. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటినా, పరిమితి కన్నా 20 మైళ్లు ఎక్కువ పోయినా అది మామూలు జరిమానాతో పోదు, క్రిమినల్ కేసు అవుతుంది. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ ఎందుకు?

సంచిలో ఏముండాలి

మామూలు రైడింగ్ సామాన్లు మీకు తెలిసినవే. రణస్థలాలకు ప్రత్యేకంగా కావాల్సినవి మాత్రం చెబుతాను.

ఒకటి, నడవడానికి తేలికైన బూట్లు. అసలు సంగతులన్నీ బండి దిగి నడిస్తేనే తెలుస్తాయి. రైడింగ్ బూట్లతో గడ్డిలో మైలు నడిస్తే మడమలు బొబ్బలెక్కుతాయి. రెండు, జాకెట్ చేతుల్లోంచి దూర్చి హెల్మెట్‌తో సహా బండికి కట్టేయడానికి ఒక కేబుల్ తాళం. మూడు, సైడ్ స్టాండ్ కింద పెట్టే బిళ్ల. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. గెటిస్‌బర్గ్‌లో రాత్రి వాన పడ్డ మర్నాడు రోడ్డంచున బండి ఆపి ఫొటో తీస్తుంటే వెనక నుంచి ధబ్ మని చప్పుడైంది. స్టాండ్ మెత్తటి మట్టిలోకి దిగిపోయి, క్లచ్ లీవర్ విరిగి, బండి పక్కకి పడుకుంది. తప్పు పూర్తిగా నాదే. గడ్డి మీద ఆపకూడదన్నది పార్కు నియమం కూడా. ఇప్పుడు అరచేతంత ప్లాస్టిక్ బిళ్లకి తాడు కట్టి హ్యాండిల్‌కి వేలాడేసుకుంటాను. జులై ఎండకి మెత్తబడిన తారు మీద కూడా అది పనికొస్తుంది.

నాలుగు, నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌ని ఫోన్లో దించుకుని, మీరు వెళ్లే పార్కుల సమాచారం ఇంటర్నెట్ లేకున్నా తెరుచుకునేలా దాచుకోండి. లోయల్లో సిగ్నల్ నమ్మకం లేదు. ఐదు, తిండి. చిన్న ఊళ్లలో శాకాహారికి దొరికేది జున్ను పెట్టిన బ్రెడ్డూ, వేయించిన బంగాళాదుంపలే. వెనక పెట్టెలో పులిహోర ఉంటే మధ్యాహ్నం దాకా ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు.

గడ్డిలో నడిచొచ్చాక పిక్కలు, మోకాళ్ల వెనక పిడుదులు ఉన్నాయేమో చూసుకోండి. ఈ ప్రాంతంలో అవి లైమ్ వ్యాధి అంటిస్తాయి. ప్యాంటు మేజోళ్లలోకి దోపుకుంటే చూడ్డానికి బాగోకపోయినా పని జరుగుతుంది.

మొదటి రోజు: మనాసస్, ఆపై కొండలోకి

పొద్దున్న ఎనిమిదికల్లా మనాసస్‌లో హెన్రీ హిల్ మీద ఉండండి. 1861 జులై 21న ఇక్కడే మొదటి పెద్ద యుద్ధం జరిగింది. ఒక్క దెబ్బతో అంతా తేలిపోతుందనుకుని వాషింగ్టన్ నుంచి కొందరు పెద్దమనుషులు తినుబండారాలతో సహా చూడ్డానికి బయల్దేరారు. ఈ గుట్ట మీది ఇంట్లో మంచం పట్టి ఉన్న జూడిత్ హెన్రీ అనే ఎనభై దాటిన ముసలామె ఫిరంగి గుండు తగిలి చనిపోయింది. ఆమె సమాధి ఇంటి పక్కనే ఉంది. దక్షిణాది జనరల్ జాక్సన్‌కి ‘స్టోన్‌వాల్’ (రాతిగోడ) అన్న పేరు వచ్చింది కూడా ఈ గుట్ట మీదే. ఆయన కంచు విగ్రహాన్ని చూడండి, గుర్రానికీ మనిషికీ కండలు మన సినిమా పోస్టర్లలో హీరోకి ఉన్నట్టుంటాయి.

గుట్ట కింద స్టోన్ హౌస్ దగ్గర రెండు రోడ్లు కలుస్తాయి. అందులో ఒకటి ఇప్పటి యూఎస్ 29. ఆ రోజు సాయంత్రం ఓడిపోయిన ఉత్తరాది సైన్యం ఈ దారినే వాషింగ్టన్ వైపు పరుగుతీసింది. కబ్ రన్ వంతెన మీద ఒక గుర్రపు బండి తిరగబడి దారి మూసుకుపోవడంతో సైనికులూ బండ్లూ చూడ్డానికొచ్చిన పెద్దమనుషులూ అంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. ఈ కూడలిలో ఇప్పటికీ ఆఫీసు వేళల్లో అదే గతి. అందుకే పదికల్లా ఇక్కడి నుంచి బయటపడండి.

యూఎస్ 29 మీద పడమరకు వెళ్లి, హేమార్కెట్ దగ్గర యూఎస్ 15 ఎక్కి ఉత్తరానికి తిరగండి. గుర్రాల పొలాలు, రాతి గోడలు, చెట్ల నీడ మధ్యగా లీస్‌బర్గ్ చేరతారు. అక్కడి నుంచి రూట్ 7, రూట్ 9 పట్టుకుని హిల్స్‌బరో దాటాక కుడికి రూట్ 671. ఈ ఆఖరి ముక్కలో రోడ్డు కొండ అంచున మెలికలు తిరుగుతుంది. ఎదురొచ్చే ట్రక్కుల్ని దృష్టిలో పెట్టుకుని మలుపుల్లో మీ వరసకి కుడివైపే ఉండండి.

హార్పర్స్ ఫెర్రీలో కింది ఊరిలోకి బండి తీసుకెళ్లాలని చూడొద్దు, ఆపడానికి చోటు దొరకదు. విజిటర్ సెంటర్ దగ్గర పెట్టేసి షటిల్ బస్సెక్కండి. పొటోమాక్, షెనాండోవా నదులు కలిసే ముక్కులో ఉందీ ఊరు. 1859లో బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ బానిసల తిరుగుబాటు లేపుదామని ఆయుధాగారం మీద దాడి చేసింది ఇక్కడే. కింది ఊళ్లో నిలబడి ఒక్కసారి చుట్టూ తల తిప్పి చూడండి. మూడు పక్కలా ఎత్తులే, మీరేమో గిన్నె అడుగున ఉన్నారు. 1862 సెప్టెంబర్‌లో జాక్సన్ ఆ ఎత్తుల మీదికి ఫిరంగులు చేర్చాడు. 15వ తేదీన సుమారు 12,500 మంది ఉత్తరాది సైనికులు లొంగిపోయారు. మ్యాపులో ఎంత చూసినా ఇది అర్థం కాదు, ఇక్కడ నిలబడితే ఒక్క నిమిషం చాలు.

సాయంత్రం హాల్‌టౌన్ దగ్గర రూట్ 230 పట్టుకుని షెపర్డ్స్‌టౌన్ చేరండి. రాత్రి బస అక్కడే. చిన్న కాలేజీ ఊరు, తిండికి ఇబ్బంది లేదు. ఈ దారి ఊరికే ఎంచుకోలేదు, దాని సంగతి రేపు మధ్యాహ్నం తెలుస్తుంది.

రెండో రోజు: యాంటీటమ్, యుద్ధం జరిగిన వేళల ప్రకారం

1862 సెప్టెంబర్ 17న షార్ప్స్‌బర్గ్ ఊరి పక్కన తెల్లవారుజామున మొదలై సాయంత్రానికి ముగిసిన ఈ యుద్ధంలో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, కనిపించకుండా పోయినవాళ్లు కలిపి సుమారు 23,000 మంది. అమెరికా చరిత్రలో ఒక్క రోజులో ఇంత రక్తపాతం మరెన్నడూ లేదు.

ఈ పార్కులో ఒక సౌకర్యం ఉంది. యుద్ధం ఉత్తరం నుంచి దక్షిణానికి, గంట గంటకీ జరుగుతూ పోయింది. ఎనిమిదిన్నర మైళ్ల టూర్ రోడ్డు కూడా అదే వరసలో వెళ్తుంది. కాబట్టి మీ గడియారాన్ని యుద్ధంతో కలపండి.

పొద్దు పొడిచేసరికి మొక్కజొన్న చేను దగ్గర ఉండండి. మంచు తడి గడ్డి, తూర్పు అడవి మీదుగా వచ్చే పల్చటి వెలుతురు. ఆ ఉదయం చేను కత్తితో కోసినట్టు నేలమట్టమైందని ఉత్తరాది జనరల్ హుకర్ తన నివేదికలో రాశాడు. ఇక్కడ ఇంజన్ ఆపేయండి. ఆ వేళ అక్కడుండే నిశ్శబ్దాన్ని సైలెన్సర్ చప్పుడుతో చెడగొట్టొద్దు.

తొమ్మిదిన్నరకి పల్లపు దారి, అదే బ్లడీ లేన్. రైతుల బండ్లు తిరిగి తిరిగి అరిగి, చుట్టూ నేల కన్నా లోతుగా దిగిపోయిన దారి. దక్షిణాది వాళ్లు దాన్నే కందకంగా వాడుకున్నారు. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, దారిలోకి దిగి ఫొటో తీసుకుని వెళ్లిపోవడం. మీరు ముందు ఉత్తరం వైపు పొలంలోకి వెళ్లి, దాడి చేసినవాళ్లు వచ్చినట్టు దక్షిణానికి నడిచి రండి. నడుస్తుంటే ముందు ఆకాశం తప్ప ఏమీ కనపడదు. గట్టు తల దాటగానే, వంద గజాలు కూడా లేని దూరంలో ఆ దారి నోరు తెరుచుకుని ఉంటుంది. అప్పటిదాకా వాళ్లకు మీరు కనపడరు, మీకు వాళ్లు కనపడరు. సుమారు మూడు గంటల్లో ఇక్కడ రెండు పక్కలా కలిపి 5,500 మంది దాకా పడిపోయారు. పక్కనే ఉన్న రాతి గోపురం ఎక్కితే మొత్తం నేల తీరు తెలుస్తుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి బర్న్‌సైడ్ వంతెన. మూడు తోరణాల అందమైన రాతి వంతెన, పడమటి ఒడ్డున నిటారైన గట్టు. ఆ గట్టు మీద ఓ ఐదు వందల మంది జార్జియా సైనికులు వేల మందిని గంటల తరబడి ఆపేశారు. వంతెన దాకా మెట్లు దిగి, దాటి, దాడి చేసినవాళ్ల వైపు నుంచి ఆ గట్టును చూసి, తిరిగి గట్టు ఎక్కి తుపాకీ పట్టుకున్నవాడి కంటితో కిందికి చూడండి. పులిహోర డబ్బా తెరవడానికి పార్కింగ్ దగ్గర చెట్టు నీడ ఉంది.

ఇక మూడున్నర దాటాక దక్షిణ చివరి పొలాల్లో ఉండాలి. ఉత్తరాది సైన్యం వంతెన దాటి ఊరి అంచుకి వచ్చేసి, ఇక గెలుపు ఖాయం అనుకుంటున్న సమయంలో దక్షిణాది జనరల్ ఏ.పి. హిల్ డివిజన్ వచ్చి పక్క నుంచి విరుచుకుపడింది. వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? హార్పర్స్ ఫెర్రీ నుంచి, షెపర్డ్స్‌టౌన్ పక్క రేవు దాటి. పొద్దున బయల్దేరి 17 మైళ్లు సుమారు ఎనిమిది గంటల్లో నడిచొచ్చారు. నిన్న సాయంత్రం, ఈ ఉదయం మీరు వచ్చినది దాదాపు అదే దారి, మీకు పట్టింది అరగంట. హిల్ ఒక్క గంట ఆలస్యమై ఉంటే అన్న ప్రశ్న ఆ పొలంలో నిలబడ్డప్పుడు పుస్తకంలో చదివినట్టుండదు. ఐదు రోజుల తర్వాత అధ్యక్షుడు లింకన్ బానిసల విముక్తి తొలి ప్రకటన విడుదల చేశాడు.

సాయంత్రం రూట్ 34 మీద బూన్స్‌బరో, అక్కడ నుంచి పాత యూఎస్ 40 మీద టర్నర్స్ గ్యాప్ కొండదారి ఎక్కి ఫ్రెడరిక్, ఆపై యూఎస్ 15 మీద నేరుగా గెటిస్‌బర్గ్. 55 మైళ్లకు పైమాటే. పొద్దుగూకే లోపు చేరిపోండి. ఈ దారంతా జింకలు. ఒకటి రోడ్డు దాటిందంటే వెనకే ఇంకొకటి ఉందని అర్థం. అక్టోబర్, నవంబర్‌లో మరీ ఎక్కువ.

మూడో రోజు: గెటిస్‌బర్గ్

1863 జులై మొదటి మూడు రోజుల్లో ఇక్కడ సుమారు 51,000 మంది చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది. ఎవరూ ఈ ఊరిని ముందుగా ఎంచుకోలేదు. పది రోడ్లు ఇక్కడ కలుస్తాయి, ఆ రోడ్లే రెండు సైన్యాల్నీ లాక్కొచ్చాయి.

రణస్థలంలో తిరగడానికి టికెట్ లేదు, మ్యూజియానికి ఉంది. యాంటీటమ్, హార్పర్స్ ఫెర్రీలకు ప్రవేశ రుసుము ఉంటుంది, బైక్‌కి కారు కన్నా తక్కువ. ధరలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోండి. లైసెన్స్ ఉన్న గైడ్లు ఇక్కడ 1915 నుంచీ ఉన్నారు. మామూలుగా వాళ్లు మీ కారెక్కి చెబుతూ తిప్పుతారు. బైక్ మీద వస్తున్నామని ముందే చెప్పి ఏర్పాటు అడగండి.

టూర్ రోడ్డు 24 మైళ్లు. మొదటి రోజు యుద్ధానికి ఊరికి పడమర యూఎస్ 30 మీద మెక్‌ఫర్సన్ గట్టు దగ్గర మొదలుపెట్టండి. ఉత్తరాది జనరల్ బ్యూఫోర్డ్ గుర్రపు దళం దిగి నిలబడి, వెనక సైన్యం వచ్చేదాకా శత్రువుని ఆపింది ఇక్కడే. గుర్రాన్ని ప్రయాణానికి వాడి, యుద్ధానికి దిగడం బైకు వాళ్లకు చెప్పకుండానే అర్థమయ్యే పద్ధతి. రెండో రోజుకి పడమటి కాన్ఫెడరేట్ అవెన్యూ మీద దక్షిణానికి వచ్చి, పెద్ద గుట్ట చుట్టూ తిరిగే వాలులో జాగ్రత్తగా దిగండి. చెట్ల నీడ, తడి ఆకులు, మధ్యలో అకస్మాత్తుగా ఆగే కార్లు ఉంటాయి. పక్కనున్న లిటిల్ రౌండ్ టాప్ గుట్టను మరమ్మతుల కోసం మూసి 2024లో మళ్లీ తెరిచారు. పొద్దున పదిలోపు వెళ్తే ఆపడానికి చోటుంటుంది.

ఫిరంగుల్ని ఊరికే చూసిపోకుండా రంగు చూడండి. పచ్చగా చిలుం పట్టినవి కంచువి, వాటిలో ఎక్కువ నెపోలియన్ అనే రకం ఫిరంగులు, గొట్టం లోపల నున్నగా ఉంటుంది. నల్లగా సన్నగా పొడుగ్గా ఉన్నవి ఇనుపవి, గొట్టం లోపల మెలిగాడులు ఉంటాయి, దూరం కొడతాయి. ఏ గట్టు మీద ఏవి ఉన్నాయో గమనిస్తే ఎవరు దేనికోసం ఎదురుచూస్తున్నారో తెలుస్తుంది. ఇక విగ్రహాల్లో గుర్రం కాళ్ల లెక్కని బట్టి యోధుడు ఎలా చనిపోయాడో చెప్పొచ్చన్న కబురు నమ్మకండి.

మూడో రోజు యుద్ధానికి మధ్యాహ్నం మూడింటికి వర్జీనియా స్మారకం దగ్గర బండి పెట్టి, బూట్లు మార్చుకుని, దక్షిణాది జనరల్ పికెట్ దాడి జరిగిన పొలంలో ఎదుటి గట్టు దాకా నడవండి. ఆ రోజు దాదాపు 12,500 మంది ఇలాగే నడిచారు, సగానికి పైగా పడిపోయారో పట్టుబడ్డారో. దూరం మైలుకి కాస్త తక్కువ. సగం దారిలో నేల పల్లంలోకి దిగి గట్టు కనపడకుండా పోతుంది, కాసేపు హాయిగా ఉంటుంది. పైకి రాగానే ఎమిట్స్‌బర్గ్ రోడ్డు కంచె అడ్డొస్తుంది. అవతలి గట్టు మీది వాళ్ల కంటికి మీరు ఎంత స్పష్టంగా కనపడతారో అక్కడ తెలుస్తుంది.

గట్టు మీదకి చేరాక ఉత్తరం వైపున్న చిన్న తెల్ల ఇల్లూ కొట్టమూ చాలామంది పట్టించుకోరు, మీరు చూడండి. అది ఏబ్రహామ్ బ్రయన్ అనే స్వతంత్ర నల్లజాతి రైతుది. దక్షిణాది సైన్యం పెన్సిల్వేనియాలో దొరికిన నల్లవాళ్లను పట్టుకుని దక్షిణానికి తరలిస్తుండటంతో ఆయన కుటుంబంతో పారిపోయాడు. తిరిగొచ్చేసరికి ఇల్లంతా తూట్లు, పంట నాశనం. వెయ్యి డాలర్లకు పైగా నష్టపరిహారం అడిగితే చేతికొచ్చింది 15 డాలర్లు. ఇంత యుద్ధం దేని గురించి జరిగిందో ఇక్కడ ఉన్న 1,300కి పైగా స్మారకాల్లో చాలావాటి కన్నా ఈ ఇల్లే సూటిగా చెబుతుంది.

నేల మీద బుల్లెట్ ముక్కో బొత్తామో కనపడితే తీయొద్దు. చిన్నదే కదా అనిపిస్తుంది గానీ అది ఫెడరల్ నేరం. డ్రోన్ ఎగరేయడమూ నిషేధమే. ఫిరంగుల మీదెక్కి ఫొటోలు వద్దు.

నాలుగో రోజు: వెనక్కి

పొద్దున లింకన్ 1863 నవంబర్ 19న ప్రసంగించిన సైనిక శ్మశానంలో ఓ గంట నడిచి, జింకలు తగ్గే వేళకి, అంటే ఎనిమిది తర్వాత, యూఎస్ 15 మీద దక్షిణానికి బయల్దేరండి. ఫ్రెడరిక్ దాటగానే మొనాకసీ రణస్థలం వస్తుంది. 1864 జులై 9న ఉత్తరాది జనరల్ లూ వాలెస్ ఇక్కడ ఓడిపోయాడు, కానీ వాషింగ్టన్ మీదికి వెళ్తున్న దక్షిణాది జనరల్ ఎర్లీ సైన్యాన్ని ఒక రోజు ఆపాడు, రాజధానికి సాయం చేరడానికి ఆ రోజు సరిపోయింది. ఇప్పుడు ఆ పొలాల్ని నిలువునా చీల్చుకుంటూ ఐ-270 హైవే పోతుంది. ఆదివారం మధ్యాహ్నం దాటితే అది వాలెస్ కన్నా బాగా ఆపుతుంది. వెనక్కి యూఎస్ 15 పట్టుకుని, పాయింట్ ఆఫ్ రాక్స్ వంతెన మీద పొటోమాక్ దాటి, లీస్‌బర్గ్‌లో దిగండి.